చిన్న గిన్నె ముందు

మొన్న మా రైల్వే క్వార్టర్ల వరుసకి రెండో కుళాయి వేశారు. ఇన్నేళ్లూ ఒక్కటే ఉండేది. కొత్త కుళాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం అక్కడే నిలబడి, కుళాయి ఒకటైతే సరే, రెండైతే ఆయన లెక్క ఏమవుతుంది అని ఆలోచించాను. సాయంత్రం దాకా ఆలోచించినా తేలలేదు. అడుగుదామంటే ఆయన పోయి చాలా కాలమైంది.

ఆయన గూడ్సు బండి గార్డు. మా వరుసలో చివరి క్వార్టరు ఆయనది, దాని పక్కది నాది. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు ఉద్యోగాలకి రాయపూర్ వచ్చిన కుటుంబాలే మా వరుసలో ఎక్కువ. ఇంకా ఇద్దరు గార్డులు ఉండేవారు గాని, గార్డుగారు అంటే ఈయనే. మిగిలిన ఇద్దరినీ పేర్లు పెట్టి పిలిచేవాళ్లం.

నేను గూడ్సు ఆఫీసులో గుమాస్తాని. నాకు లెక్కలు బడిలో వచ్చినవి కావు. ఫోర్తు ఫారంతో చదువు ఆగిపోయాక పాత పుస్తకాలు పెట్టుకుని త్రైరాశికాలూ వర్గమూలాలూ నాకు నేనే నేర్చుకున్నాను. ఏ లెక్కనైనా రెండు విధాలుగా చేసి, రెండూ కలిస్తేనే నమ్ముతాను. ఇది మంచి అలవాటని నా అభిప్రాయం. గార్డుగారు మాత్రం దీన్ని ఒక జబ్బుగా భావించేవారు. నన్ను చూసినప్పుడల్లా, ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టుగా, "ఇంకా గుణిస్తూనే ఉన్నావా?" అని అడిగేవారు.

"లెక్క చెయ్యకయ్యా, చూడు," అనేవారు. "గుణకారం మొదలెట్టావంటే ఆలోచించడం మానేశావన్నమాటే."

గూడ్సు బండి ఏ చిన్న స్టేషన్లోనో పక్కలైనులో పడిందంటే మళ్లీ ఎప్పుడు కదులుతుందో దేవుడికీ కంట్రోలు ఆఫీసుకీ తప్ప తెలియదు. ఆ సమయంలో మిగతా గార్డులు బ్రేకు వ్యానులో నిద్రపోయేవారు. ఈయన ఆలోచించేవారు. చుట్టిన జెండాలు రెండూ చంకలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కుడిచేతి చూపుడువేలితో గాలిలో ఏదో గీస్తూ కూర్చునేవారట. ఆయనతో పనిచేసిన డ్రైవర్లు చెప్పేవారు. ఆలోచన ముడి విడిందంటే ఆ వేలు మెల్లగా అటూ ఇటూ ఊగేది, డ్రైవరుకి పచ్చజెండా చూపించినట్టు. ఒకసారి బాగ్‌బాహరా దగ్గర కొత్త ఫైర్‌మన్ ఒకడు ఆ వేలు చూసి, బండి కదలమంటున్నారని డ్రైవరుకి చెప్పాడట. అదృష్టవశాత్తూ ఇంజనులో ఆవిరి లేదు.

ఒకరోజు సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటికి వెళ్లకుండా నేరుగా మా అరుగు మీదికి వచ్చారు. లాంతరూ, పెట్టె కూడా చేతిలోనే ఉన్నాయి.

"నిన్న పొద్దున్న ఆరింటికి ఇక్కడ బయలుదేరి, సాయంత్రం ఆరింటికి ఖరియార్ రోడ్డు చేరాను. ఇవాళ పొద్దున్న ఆరింటికి అక్కడ బయలుదేరి, సాయంత్రం ఆరింటికి ఇక్కడికి చేరాను. నిన్న ఏ టైముకి ఏ చోట ఉన్నానో, ఇవాళ సరిగ్గా అదే టైముకి అదే చోట ఉన్నాను అనిపించే జాగా ఒకటి దారిలో ఉంటుందా, ఉండదా?"

"ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగారో చెప్పండి, చూసి చెబుతాను," అన్నాను.

"అది చెప్పను."

"అది లేకుండా ఎలా తేలుతుందండీ?"

"అది లేకుండానే తేలాలి. అందులోనే ఉంది మజా."

నేను లోపలికి వెళ్లి టైంటేబిలు తెచ్చాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, దాని మీద కూర్చున్నారు.

"నిన్నటి నన్నూ ఇవాళ్టి నన్నూ ఒకే రోజు బయలుదేరదియ్యి. నిన్నటివాడు ఇటునుంచి వస్తాడు, నేను అటునుంచి వస్తాను. లైను ఒక్కటే. ఎవడు ఎక్కడ ఎంతసేపు ఆగినా, పరిగెత్తినా, ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పుతుందా? ఎదురుపడ్డ చోటే ఆ చోటు." వేలు అటూ ఇటూ ఊగింది.

నేను కొంచెంసేపు చూశాను. తప్పు కనిపించలేదు.

"సింగిల్ లైను మీద రెండు బళ్లు ఎదురుపడితే ఉద్యోగం పోతుంది కదండీ," అన్నాను.

"ఆలోచనలో పోదు," అన్నారు.

ఆ తరువాత నేను డ్రైవరుని అడిగి, ఆగిన స్టేషన్లన్నీ రాసుకుని లెక్క చేశాను. ఆ చోటు మహాసముంద్‌కి కొంచెం ఇవతల తేలింది. మర్నాడు ఆయనకి చెప్పాను. ఆయన చాలా నిరుత్సాహపడ్డారు. "అది ఎక్కడుందో ఎవడికి కావాలయ్యా?" అన్నారు.

ఆయన ఆలోచనలన్నీ ఇలాగే నిలబడేవని కాదు. వానలో పరిగెత్తినా నడిచినా ఒకేలా తడుస్తామని ఒక శ్రావణంలో వాదించారు. యార్డుకీ ఇంటికీ మధ్య గాలిలో ఉన్న వానని ఎలాగూ చీల్చుకుని రావాలి, నెమ్మదిగా చీల్చినా వేగంగా చీల్చినా చీల్చేది అంతే కదా అని ఆయన వాదన. వినడానికి చాలా బాగుంది. నాకు ఋజువు కావాలన్నాను. ఇద్దరం పొడిపంచెలు కట్టుకుని, జోరువానలో యార్డు ఆఫీసు నుంచి బయలుదేరాం. నేను పరిగెత్తాను, ఆయన పెళ్లికొడుకులా నడిచారు. తరువాత రెండు పంచెలూ పార్సిలాఫీసు కాటా మీద పెట్టించాం.

పార్సిల్ బాబు హిందీవాడు. రెండు తడిపంచెల్నీ, తువ్వాళ్లు కట్టుకున్న ఇద్దరు మనుషుల్నీ చూసి, "బుక్ కర్నా హై క్యా?" అని అడిగాడు. బుకింగుకి కాదని చెప్పాం. ఆయన పంచె బరువు ఎక్కువ తూగింది. పైనుంచి పడే వానని గార్డుగారు మరిచిపోయారు. ఎంతసేపు బయట ఉంటే అంతసేపూ అది నెత్తిన పడుతుంది.

గార్డుగారు తడిపంచె భుజాన వేసుకున్నారు. "దారి బాగుంది. ఊరు తప్పింది, అంతే," అన్నారు. ఏమాత్రం చిన్నబోలేదు. ఆ మాట ఆయన తరచుగా అనవలసి వచ్చేది.

ఆయన్ని చిన్నబుచ్చగలిగిన మనిషి ఒక్కరే, ఆయన భార్య. నేను అక్కయ్యగారూ అనేవాణ్ని. మనిషి పొడుగు, మాట పొట్టి. ఆయన ఏ కొత్త ఆలోచన వచ్చినా ముందు మాకు చెప్పి, మా చేత బాగుందనిపించుకుని, ఆ ధైర్యంతో ఇంట్లోకి వెళ్లి ఆమెకి చెప్పేవారు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ తల ఎత్తకుండా వినేది.

"ఏం, బాగుందా?"

"బాగుంటే ఈ బియ్యం ఉడికిపోతాయేటి?"

ఆయన మళ్లీ మా అరుగు మీదికి వచ్చేవారు. "మీరంతా వంద అనండయ్యా, అది లెక్కలోకి రాదు. ఈవిడ చేత ఒక్కసారి బాగుందనిపించుకోవాలి. నేను బతికుండగా ఆ ముక్క వినాలి," అనేవారు. ఆ సంగతిలో ఆయన వేళాకోళం ఆడగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇక కుళాయి సంగతి.

ఎండాకాలంలో మా కుళాయికి పొద్దున్న ఒక్కపూటే నీళ్లు వచ్చేవి. ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ముందునాటి సాయంత్రమే గిన్నెలు వరుసలో పెట్టేసేవారు. గిన్నె నిలబడితే మనిషి నిలబడినట్టే. గిన్నె లేకపోతే ఇటుకరాయి, అదీ లేకపోతే తెగిన చెప్పు. చెప్పు తరఫున కూడా గట్టిగా పోట్లాడేవారు. ఆ ఏడాది ఒక పోట్లాటలో ఇత్తడి బిందె ఒకటి సొట్టపడింది. ఇన్‌స్పెక్టరు దొర వచ్చి, ఇంకోసారి ఇక్కడ ఝగడా వింటే కుళాయి పీకించి యార్డు అవతల వేయిస్తానని చెప్పి వెళ్లాడు. వరుసంతా కలిసి గార్డుగారి దగ్గరికి వెళ్లి, ఒక పద్ధతి చెప్పమన్నారు.

అలాంటి పిలుపు కోసం ఆయన పుట్టినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారని నా అనుమానం. మర్నాడు పొద్దున్న కుళాయి దగ్గర ఆడవాళ్లందరినీ నిలబెట్టి, ఒక పెద్ద గంగాళాన్ని ముందూ, దాని వెనక ఒక చెంబునీ పెట్టారు.

"ఇప్పుడీ రెంటినీ మార్చాను. చెంబు ముందు, గంగాళం వెనక. వీటికి ముందున్నవాళ్లకి ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదు."

"వీటి వెనకున్నవాళ్లకి? రెండూ కలిపి నిండే టైము మారలేదు కదా?"

"లేదు."

"మరి తేడా ఈ ఇద్దరికే. గంగాళం ఒక చెంబుసేపు ఎక్కువ ఆగుతుంది. చెంబుకి ఒక గంగాళమంతసేపు తప్పిపోతుంది. మొత్తం మీద లాభమా, నష్టమా?"

పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య ఛత్తీస్‌గఢీ మనిషి, తెలుగు సగం వచ్చు. ఆమె, "లాబమే," అంది.

"అంతే! వరుసలో ఎక్కడైనా పెద్దది ముందూ చిన్నది వెనకా కనిపిస్తే మార్చెయ్యండి. మార్చడానికి జత దొరకనప్పుడు, అదే మంచి వరుస. చిన్న గిన్నె ముందు, పెద్ద గిన్నె వెనక. అందరూ ఆగే టైము మొత్తం కలిపితే ఇంతకన్నా తగ్గదు. పైగా నీళ్లు మధ్యలో ఆగిపోయినా ఎక్కువ గిన్నెలు నిండి ఉంటాయి." వేలు అటూ ఇటూ ఊగింది.

నేను ఇంటికి వచ్చి రెండు విధాలుగా చేసి చూశాను. సరిగ్గానే ఉంది.

డ్రైవరుగారి అత్తగారు అడిగింది: "మరి అన్నిటికన్నా పెద్దది ఎవరిది బాబూ?"

అందరూ ఒకవైపు చూశారు. అక్కడ అక్కయ్యగారి గుండిగ ఉంది. పుట్టింటి నుంచి రైల్లో తెచ్చుకున్న రాగి గుండిగ. ఖాళీదాన్నే ఇద్దరు పట్టాలి. ఇంట్లో గార్డుగారు, ఆమె, మంచాన ఉన్న అత్తగారు, లోకోషెడ్డులో పనిచేసే ఇద్దరు మరుదులు. ఆ గుండిగ నిండితేనే వాళ్లకి రోజు గడిచేది.

ఆమె గుండిగని దొర్లించుకుంటూ తీసుకెళ్లి వరుస చివర పెట్టింది. అది సగం నిండేసరికి పాయింట్స్‌మన్ భార్య, "పానీ సిరాగే!" అని అరిచింది. నీళ్లు అయిపోయాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాలుగో రోజు నుంచి గార్డుగారి స్నానానికి ఒక్క చెంబు నీళ్లు వచ్చాయి.

"ఇదేమిటి?"

"మొత్తం మీద లాభమే కదా. పోసుకోండి."

ఆయన తెలీబంధా చెరువుకి నడిచి వెళ్లి స్నానం చేసి రావడం మొదలుపెట్టారు. ఆ ఎండలో ఇంటికి తిరిగి వచ్చేసరికి మళ్లీ స్నానం అవసరమయ్యేది. అయినా పద్ధతి మార్చమని ఎవరూ అడగలేదు, ఆయనా మార్చలేదు. పోట్లాటలు ఆగిపోయాయి. చెప్పులు వరుసలోంచి మాయమయ్యాయి, చెప్పులో ఎన్ని నీళ్లు పడతాయో ఎవరూ తేల్చలేకపోయారు గనక.

"ఏం, ఇప్పుడైనా బాగుందంటావా?" అని ఒకరోజు నా ఎదురుగానే అడిగారు.

"బాగుంటే నేనెందుకు ఆకర్న ఉన్నాను?" అంది.

ఆయన చాలాసేపు మా అరుగు మీద కూర్చున్నారు. వేలు కదలలేదు.

తరువాతి వారంలో ఒక పొద్దున్న, డ్యూటీ దిగి వస్తున్న గార్డుగారికి కుళాయి దగ్గర గోల వినిపించింది. నేనూ బయటికి వచ్చాను. గుండిగ కుళాయి పక్కన గోడకి ఆనించి ఉంది. అది వరుసలో లేదు. వరుసలో మొదటి నుంచీ చెంబులు, మరచెంబులు, గ్లాసులు, టిఫిను కారియరు గిన్నెలు, పోపులడబ్బాలోని గిన్నెలు, చివరికి అత్తగారి మందుగిన్నె. అన్నీ అక్కయ్యగారివే. ఆమె ఒక్కొక్కటీ నింపి గుండిగలో ఒంపుతోంది.

"చూడండి గార్డుగారూ!" అని డ్రైవరుగారి అత్తగారు అరిచింది. "ఇదేం న్యాయం? మా బిందెలన్నీ ఎనకాల పడిపోనాయి!"

"నేను తప్పు సేసినానేటి?" అంది అక్కయ్యగారు, గ్లాసు నింపుతూ. "సిన్న గిన్నె ముందన్నారు. ఇది సిన్నదా, పెద్దదా? నువ్వే సెప్పు అత్తా."

గార్డుగారు చంకలో జెండాలతో వరుసంతా ఒకసారి నడిచి చూశారు. మందుగిన్నె దగ్గర ఆగి వంగి చూశారు. అందరూ ఆయన మొహం వైపు చూస్తున్నారు. ఆ మొహంలో మెల్లగా సంతోషం బయలుదేరింది. సరైన జవాబులకి కూడా ఆయనలో అంత సంతోషం నేను చూడలేదు.

"నియమం తప్పలేదు," అన్నారు. "అరే, నియమం ఎక్కడా తప్పలేదు! నా లెక్కలో గిన్నెలే ఉన్నాయి. ఇళ్లు లేవు. ఇల్లు పెట్టడం మరిచిపోయాను."

"ఊరు తప్పిందా?" అన్నాను.

"ఈసారి దారి కూడా ఆవిడదేనయ్యా!"

మర్నాటికి వరుసంతా గ్లాసులే. బొగ్గుకుప్ప దాకా వెళ్లింది. ఒక గ్లాసు తీసి మరొకటి పెట్టేలోగా కారిపోయిన నీళ్లతో కుళాయి కింద వరినారు పోయవచ్చు. ఎవరి ఇల్లూ నిండలేదు. అప్పుడు అక్కయ్యగారే చెప్పింది, ఇంటికి ఒక్క గిన్నె, ఎవరికి కావలసినది వాళ్లు తెచ్చుకోవాలి. అందరివీ ఒక విడత అయ్యాకనే రెండోది పెట్టాలి.

"ఆ విడతలో ఎవరు ముందు?" అని పాయింట్స్‌మన్ భార్య అడిగింది.

అక్కయ్యగారు కొంచెం ఆగి, "సిన్న గిన్నె ముందు," అంది.

ఆ మాటకి గార్డుగారు ఇంట్లోకి వెళ్లి అద్దంలో మొహం చూసుకుని వచ్చారని మా ఆవిడ అంటుంది. నేను చూడలేదు గనక రూఢిగా చెప్పలేను. అక్కయ్యగారు మాత్రం గుండిగే తెచ్చేది. విడతలో ఆఖరిది అదే. కాకపోతే రెండో గిన్నెలు దాని వెనక ఆగేవి గనక, చాలారోజులు నిండేది. ఈ పద్ధతి ఎందుకు బాగుందో నిరూపించాలని గార్డుగారు చాలా తంటాలు పడ్డారు. కుదరలేదు. "ఇది మంచిదని తెలుస్తోంది గాని, ఎందుకు మంచిదో తెలియడం లేదయ్యా," అని బాధపడేవారు.

"తెలీకపోతే ఏటి? నీలొచ్చినాయి కదా," అనేది ఆమె లోపలి నుంచి.

కొన్నేళ్లు గడిచాయి. మంచాన ఉన్న ముసలావిడ పోయింది. మరుదులిద్దరికీ బదిలీలయ్యాయి. ఒక మాఘమాసంలో గార్డుగారికి జ్వరం వచ్చింది. చూడటానికి వెళ్తే, రెండు జ్వరాలు ఒకేసారి వస్తే ఒకటి తగ్గినట్టు ఎలా తెలుస్తుందని అడిగారు. వారం తిరక్కుండా పోయారు. బాగుందన్న ఆ ముక్క ఆయన వినలేదు.

అక్కయ్యగారి తమ్ముడు వాల్తేరు నుంచి వచ్చి తీసుకెళ్లేదాకా క్వార్టరులో ఉండనిచ్చారు. కర్మలన్నీ అయ్యాక, ఎండలు ముదిరిన ఒక పొద్దున్న ఆమె మొదటిసారి కుళాయి దగ్గరికి వచ్చింది. చేతిలో ఒక చెంబు ఉంది. ఒక్క మనిషికి అది చాలు. అలవాటు ప్రకారం వెళ్లి వరుస చివర నిలబడింది.

పాయింట్స్‌మన్ భార్య వరుసంతా ఒకసారి చూసింది. అంత చిన్న గిన్నె ఇంకెవరి దగ్గరా లేదు. "ఆఘూ ఆవ దీదీ," అని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చింది. ఆడవాళ్లు బిందెలు జరిపి దారి ఇచ్చారు. అక్కయ్యగారు కుళాయి కింద చెంబు పెట్టి నింపుకుని వెళ్లిపోయింది.

మర్నాడు గుండిగ తెచ్చింది. పాయింట్స్‌మన్ భార్యే రెండో వైపు పట్టింది. తెచ్చి వరుస చివర పెట్టించి, పక్కన నిలబడింది. ఆ రోజు నీళ్లు బాగా వచ్చాయి. రెండో విడత అక్కర్లేదని చాలామంది వెళ్లిపోయారు. మా ఆవిడా నేనూ బిందె ఎత్తుకుంటున్నాం.

"ఒక్కరికి అన్ని నీళ్లెందుకు వదినా?" అని మా ఆవిడ అడిగింది. "చెంబు తెచ్చుకుంటే ముందే పట్టుకుని పోదురు కదా."

ఆమె గుండిగలో పడుతున్న నీళ్లనే చూస్తోంది.

"ఆకర్న ఉన్నోళ్ల గిన్నె ఎంత పెద్దదైనా ఎవులికీ నష్టం లేదమ్మా," అంది. "ఎనకాల ఎవులూ లేరు కదా. మీ అన్నయ్యగారి లెక్కలో నాకు బాగున్నది అదే."

గార్డుగారు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకి తట్టినట్టు కూడా లేదు. నేను ఇంటికి వచ్చి రెండు విధాలుగా చేసి చూశాను.

సరిగ్గానే ఉంది.